సున్న రుసుము వెనుక ఎవరి సొమ్ము?

ఫ్యూచర్లు, ఆప్షన్ల వర్తకములో చిన్న మదుపరులు పోగొట్టుకొన్న ధనమును గూర్చి మార్కెట్టు నియంత్రణసంస్థ సెబీ లెక్కలు వెలువరించిన ప్రతి పర్యాయమును ఒక ప్రశ్న మరల తలయెత్తుచున్నది: షేర్లు కొనిపెట్టుటకు పైసా అయినను పుచ్చుకొనని బ్రోకరు కంపెనీలు ఏటేటా కోట్లకు కోట్లు లాభమునెట్లు గడించుచున్నవి? కంప్యూటరు వచ్చి ఖర్చు తగ్గించినది కనుక లాభము మిగులుచున్నదని కొందరును, ఇదంతయు మోసమేనని మరికొందరును సమాధానము చెప్పుదురు. మొదటి సమాధానము సగము నిజము. రెండవది చాలవరకు కోపము. దీనికి సరియైన సమాధానము కావలెనన్నచో, రుసుము తగ్గింపు వ్యాపారమును అమెరికాలో ప్రప్రథమముగా నడిపినవారిలో ముఖ్యుడును, చివరకు ఆ రుసుమును సున్నకు దింపిన సంస్థకు తన పేరే పెట్టినవాడును అగు చార్లెస్ ష్వాబ్ వృత్తిజీవితమును కొంత శ్రద్ధతో పరిశీలింపవలసియున్నది. ఏలయనగా, బ్రోకరు ఆదాయము కంటికి కనబడు చోటినుండి కనబడని చోటికి ఏ విధముగా తరలిపోయెనో ఆ ఒక్క జీవితములోనే మొదటినుండి కడవరకు చూడవచ్చును.

1792 మే 17వ తేదీన న్యూయార్కులో ఇరువదినలుగురు దళారులు కూడి, నూటికి పావు వంతునకు తక్కువగా ఎవరివద్దను రుసుము తీసుకొనరాదని ఒడంబడిక వ్రాసికొనిరి. నాటినుండి 1975 వరకు, అనగా 183 సంవత్సరములపాటు, న్యూయార్కు స్టాక్ ఎక్స్చేంజిలో బ్రోకరు రుసుము ఏదో యొక రూపమున నిర్ణీతముగనే ఉండెను. పోటీలేని వ్యాపారమున కలుగు వికారములన్నియు అందులో కలిగెను. పదివేల షేర్లు కొనుటకును నూరు షేర్లు కొనుటకును బ్రోకరు పడు శ్రమలో గొప్ప భేదము లేకున్నను, రుసుము మాత్రము పెద్ద లావాదేవీలపై విపరీతముగా పెరుగుచుండెను. ధరలో పోటీపడుటకు వీలులేనందున సంస్థలు పెద్ద ఖాతాదారులను పరిశోధనపత్రములతోను, విందులతోను, నానావిధములైన సేవలతోను ఆకర్షించుచుండెను. ఖాతాదారు ఎన్ని మారులు కొని అమ్మినచో బ్రోకరునకు అంత ఆదాయము గనుక, సలహా యనునది తరచుగా అమ్మకపు మాటగా మారుచుండెను. 1940 దశకములో చార్లెస్ మెరిల్ యను బ్రోకరు తన ఉద్యోగులకు కమిషనుకు బదులు జీతములిచ్చి, మధ్యతరగతి కుటుంబములను మార్కెట్టునకు రప్పింపబూనుట ఈ దోషమునకు తొలి చికిత్స అనవచ్చును. కాని రుసుము నిర్ణీతముగా ఉన్నంతకాలము ఆ చికిత్స పైపూత మాత్రమే.

ష్వాబ్ 1937లో కాలిఫోర్నియా రాష్ట్రమున శాక్రమెంటో నగరమున జన్మించెను. బాల్యమున వాల్‌నట్ కాయలు ఏరి అమ్ముట, కోళ్లు పెంచుట మున్నగు చిన్న వ్యాపారములలో ఆయనకు కలిగిన నేర్పు చదువులో కలుగలేదు. అక్షరములను గుర్తించి చదువుటలో ఏర్పడు డిస్లెక్సియా యను లోపము తనకు గలదని ఆయనకు నడివయస్సు వరకు తెలియలేదు. తన కుమారునకు ఆ లోపమును నిపుణులు కనుగొన్నప్పుడే, స్టాన్‌ఫర్డులో తాను ఆంగ్లవ్యాసములతో పడిన అవస్థకు కారణము ఆయనకు బోధపడెను. అయినను అచ్చట అర్థశాస్త్రమున పట్టమును, 1961లో వ్యాపారనిర్వహణలో ఎం.బి.ఏ. పట్టమును పొంది, కొంతకాలము పెట్టుబడులను గూర్చి ఒక వార్తాలేఖను నడిపి, 1970 దశకారంభమున సొంత బ్రోకరేజి సంస్థను స్థాపించెను. 1973లో దానికి తన పేరు పెట్టెను. ఆ సమయమున అది శాన్‌ఫ్రాన్సిస్కోలోని అసంఖ్యాక చిన్న సంస్థలలో ఒకటి; వాల్ స్ట్రీటు దాని ఉనికినే ఎరుగదు.

1975 మే 1వ తేదీన అమెరికా సెక్యూరిటీస్ కమిషను నిర్ణీత రుసుములను రద్దుచేసెను. మహాసంస్థలు ఈ స్వేచ్ఛను ఉపయోగించుకొన్న తీరు గమనింపదగినది: బీమాసంస్థలు, పింఛను నిధులవంటి పెద్ద ఖాతాదారులకు రుసుము తగ్గించి, బేరమాడు బలము లేని చిల్లర మదుపరులకు కొన్నియెడల పెంచెను. ష్వాబ్ దీనికి సరిగా వ్యతిరేకమైన మార్గమును త్రొక్కెను. ఆయన సలహా ఇయ్యడు, పరిశోధనపత్రము వ్రాయడు, ఫలానా షేరు కొనుమని ఇంటికి ఫోను చేయడు. ఖాతాదారు చెప్పినదానిని తక్కువ రుసుమునకు కొనిపెట్టును. టెలిఫోనువద్ద కూర్చుండు ఉద్యోగికి జీతమే గాని కమిషను లేదు. సలహా ఇయ్యకుండుటయే నిజాయితీ యను ఈ సూత్రము ఆనాటికి ఎంత విప్లవాత్మకమో, నేటి మన చర్చకు అంత కీలకము. దానిని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

తక్కువ రుసుముతో బ్రతుకవలెనన్న లావాదేవీల సంఖ్య అధికముగా ఉండవలెను. సంఖ్య పెరుగవలెనన్న యంత్రసామగ్రి కావలెను. దానికి మూలధనము కావలెను. 1980 ప్రాంతమున కంప్యూటరు వ్యవస్థకై తన శక్తికి మించి వెచ్చించిన ష్వాబ్, 1983లో సంస్థను ఐదున్నర కోట్ల డాలర్లకు పైబడిన విలువకు బ్యాంక్ ఆఫ్ అమెరికాకు అమ్మివేసి, తాను ఆ బ్యాంకు డైరెక్టరులలో ఒకడయ్యెను. బ్యాంకు మొండిబాకీలతో కుంగిపోవుచున్నదని గ్రహించి, అచ్చటి పెద్దలతో పొసగక బయటపడి, 1987లో అదే సంస్థను 28 కోట్ల డాలర్లకు తిరిగి కొనుక్కొనెను. ఆ సెప్టెంబరులో షేర్లను ప్రజలకు విక్రయించెను; అక్టోబరు 19న మార్కెట్టు ఒక్కరోజున 22 శాతమునకు పైగా కుప్పకూలెను. హాంగ్‌కాంగులోని ఒకే ఒక్క ఖాతాదారు ఆప్షన్లలో మునిగి సంస్థకు 8 కోట్ల డాలర్లకు పైగా బాకీపడెను. అందులో అధికభాగమును తరువాత రాబట్టుకొన్నప్పటికిని, లక్షలమంది చిల్లర మదుపరులు గల సంస్థనైనను ఒక్క ఆప్షన్ల ఖాతా అంచువరకు ఈడ్వగలదని ఆనాడే తేలిపోయెను. మన దేశములో ఆప్షన్లను చేతిసొత్తుగా పంచిపెట్టిన కాలమున ఈ పాఠమును చదివినవారు ఎందరో తెలియదు.

1992లో ష్వాబ్ మరియొక క్రొత్త పద్ధతిని ప్రవేశపెట్టెను. అనేక కంపెనీల మ్యూచువల్ ఫండ్లను రుసుము లేకుండ ఒక్క ఖాతాలో కొనుక్కొనవచ్చును. ఖాతాదారు ఏమియు చెల్లింపనక్కరలేదు; ఫండు కంపెనీలే తమ నిర్వహణరుసుములో కొంత వంతును ఏటేటా ష్వాబ్ సంస్థకు ముట్టజెప్పును. ఆ నిర్వహణరుసుము ఖాతాదారు పెట్టుబడినుండియే తీయబడునది గనుక, ఇచ్చువాడు మారలేదు; ఇచ్చుచున్నానను స్పృహ మాత్రము మాయమయ్యెను. పెండ్లివిందులో ఆకు ఖరీదును తిన్నవాడు చెల్లింపడు; అంతమాత్రమున వంట ఉచితముగా జరిగినదని ఎవరును అనుకొనరు. మార్కెట్టులో మాత్రము అనుకొందుము! నా దృష్టిలో 2019 నాటి సున్న రుసుమునకు నిజమైన బీజము ఇంటర్నెట్టు కాదు, ఈ ఫండ్ల ఏర్పాటే.

ష్వాబ్ సంస్థలో ఇంటర్నెట్టు వర్తకము 1996లో మొదలైనది. 1998లో ఖాతాదారులందరికిని ఇంటర్నెట్టు లావాదేవీని 29 డాలర్ల 95 సెంట్లకు అందించుటతో సంస్థ తన పాత ఆదాయమును తానే కోసికొనెను. కొలదికాలములో లావాదేవీలు పెరిగి నష్టము పూడిపోయెను. తరువాతి మార్కెట్టు పతనకాలమున ఖర్చులు పెరిగి ఖాతాదారులు జారిపోవుచుండగా, 2004లో డైరెక్టరులు అప్పటి ప్రధాన కార్యనిర్వాహకుని తొలగించి, అరువదియారేండ్ల ష్వాబ్‌ను మరల పిలిచిరి. ఆయన ఉద్యోగులను తగ్గించెను, అనవసరపు శాఖలను వదిలించుకొనెను, రుసుములను మరింత దింపెను. 2008లో పదవిని మరియొకరికి అప్పగించి అధ్యక్షుడుగా మిగిలెను. 2019 అక్టోబరులో సంస్థ అమెరికా షేర్లపై రుసుమును 4 డాలర్ల 95 సెంట్లనుండి సున్న చేసినట్లు ప్రకటించిన దినముననే ప్రత్యర్థి టీడీ అమెరిట్రేడు షేరు ధర నాలుగవవంతునకు పైగా పడిపోయెను. రెండు నెలలు తిరుగకుండగనే ష్వాబ్ సంస్థ ఆ ప్రత్యర్థిని సుమారు 2,600 కోట్ల డాలర్ల విలువ గల ఒప్పందముతో విలీనము చేసికొనుటకు నిశ్చయించెను. సున్న రుసుము దానమని భావించువారు ఈ వరుసను ఒకమారు మననము చేయుట మంచిది.

రుసుము పోయిన పిమ్మట ఆదాయమేది? షేర్లు అమ్మగా వచ్చినదియు, ఇంకను పెట్టుబడి పెట్టనిదియు అగు నగదు ఖాతాదారు పేర ఊరక పడియుండును. దానిని సంస్థ తన సొంత బ్యాంకునకు మళ్లించి, ఖాతాదారునకు స్వల్పవడ్డీ ఇచ్చి, అధికవడ్డీ వచ్చు బాండ్లలో పెట్టును. 2023లో అమెరికా కేంద్రబ్యాంకు వడ్డీరేటు 5 శాతము దాటియుండగా ఈ నగదుపై ఖాతాదారునకు దక్కినది నూటికి అర్ధరూపాయికైనను తక్కువ. ఇటీవలి సంవత్సరములలో సంస్థ నికరాదాయములో సుమారు సగము ఈ వడ్డీల తేడాయే. సలహారుసుము లేదని ప్రకటించిన యాంత్రిక పెట్టుబడి పథకములో ఖాతాదారుల నగదును అవసరమునకు మించి నిలువయుంచి, దానివలన కలుగు నష్టమును స్పష్టముగా చెప్పలేదన్న ఆరోపణపై 2022లో సంస్థ, తప్పును ఒప్పుకొనకయు కాదనకయు, 18 కోట్ల 70 లక్షల డాలర్లు చెల్లించి సెక్యూరిటీస్ కమిషనుతో రాజీపడెను. మరుసటి సంవత్సరము వడ్డీరేట్లు పెరిగి, ఖాతాదారులు మేలుకొని నగదును వేరొకచోటికి మార్చుకొనసాగగా సంస్థ షేరు తీవ్రముగా ఒడుదుడుకుల పాలయ్యెను. ఖాతాదారుని ఏమరుపాటు ఆదాయమునకు ఆధారమైనప్పుడు అతని జాగరూకతయే సంస్థకు గండమగును. సలహా ఇయ్యకుండుటయే నిజాయితీ యని మొదలైన సంస్థ ఈ స్థితికి చేరుట ఒక్క మనుష్యుని లోభమువలన కాదు. ధరలో పోటీ పరాకాష్ఠకు చేరినప్పుడు ఆదాయము ధరలేని చోటునే వెదకికొనును.

రాబిన్‌హుడ్ మున్నగు కొన్ని సంస్థలు మరియొక దారి పట్టెను. ఖాతాదారు ఆర్డరును ఎక్స్చేంజికి పంపక పెద్ద వర్తకసంస్థలకు అమ్మి, వారినుండి ప్రతిఫలము పుచ్చుకొనుట ఆ దారి; ఈ పద్ధతిని మొదట ప్రాచుర్యమునకు తెచ్చినవారిలో తరువాత మహామోసగాడుగా ప్రసిద్ధుడైన బెర్నార్డు మేడాఫ్ ఒకడు. 2020లో సెక్యూరిటీస్ కమిషను రాబిన్‌హుడ్‌పై 6 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా విధించుచు, రుసుము మిగులును లెక్కలోనికి తీసికొన్నను, తక్కువరకపు ధరలవలన ఖాతాదారులు 3 కోట్ల 40 లక్షల డాలర్లకు పైగా నష్టపోయిరని లెక్కకట్టెను. అమెరికా ఈ పద్ధతిని బహిర్గతపరచిన చాలునన్నది. 1986 అక్టోబరులో నిర్ణీత రుసుములను రద్దుచేసిన బ్రిటను దీనిని 2012 నాటికే నిషేధించినది. ఐరోపా సమాఖ్య 2024లో చట్టము చేసి, 2026 జూను తరువాత సభ్యదేశములలో ఎచ్చటను ఉండరాదన్నది. 1999లో రుసుములను సడలించిన జపానులో పెద్ద ఇంటర్నెట్టు బ్రోకరులు 2023లో దేశీయ షేర్లపై రుసుమును ఎత్తివేసిరి. అచ్చటను ఆదాయము అరువుపై వర్తకము, విదేశీద్రవ్యము, ఇతర సేవలపైకి మళ్లినది. దేశములు వేరు, చట్టములు వేరు, ఫలితమొక్కటే.

భారతదేశమున ఆర్డరులను అమ్ముకొను పద్ధతి లేదు. ప్రతి ఆర్డరును ఎక్స్చేంజికే పోవలెను. ఇది మన వ్యవస్థకు గల గొప్ప గుణము. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్చేంజి తెరపై వర్తకమును ప్రారంభించుట, 1996లో డిపాజిటరీ చట్టము వచ్చుట, 2010లో బెంగుళూరున నితిన్ కామత్ సోదరులు జెరోధా బ్రోకరు సంస్థను స్థాపించి 2015 చివర డెలివరీ (షేర్లను ఖాతాలో నిలుపుకొను) కొనుగోళ్లపై రుసుమును ఎత్తివేయుట, పిమ్మట సెల్‌ఫోను, ఆధారు, కరోనా గృహనిర్బంధము ఏకముగుట, ఇవన్నియు కలసి 2020 మార్చిలో నాలుగు కోట్లున్న డీమ్యాటు ఖాతాలను ఐదేండ్లలో పందొమ్మిది కోట్లు దాటించెను. లక్ష రూపాయల షేర్లను డెలివరీకి కొన్న మదుపరికి ఆ సాయంకాలము వచ్చు కాంట్రాక్టు నోటును చూడుడు: ఎస్‌టిటి (లావాదేవీ పన్ను) 100 రూపాయలు, స్టాంపు డ్యూటీ 15 రూపాయలు, ఎక్స్చేంజికి సుమారు 3 రూపాయలు, సెబీకి 10 పైసలు, వీనిలో కొన్నిటిపై జిఎస్టీ, బ్రోకరేజి సున్న. కేంద్రము, రాష్ట్రము, ఎక్స్చేంజి, సెబీ అందరును తమతమ వంతులు పుచ్చుకొనగా బ్రోకరొక్కడే వట్టి చేతులతో నిలిచినట్లు ఆ కాగితము చెప్పుచున్నది.

అదే బ్రోకరునొద్ద ఆప్షన్ల ఖాతాదారు నోటును చూచిన కథ మారును. కొనినను అమ్మినను ఆర్డరుకు 20 రూపాయలు. దినమునకు ఇరువది ఆర్డరులు పెట్టువాడు నాలుగువందలు, అతడు గెలిచినను ఓడినను, చెల్లించును. 2022నుండి 2024 వరకు గల మూడు ఆర్థిక సంవత్సరములలో ఈ వర్తకము చేసిన కోటికి పైబడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరనియు, మొత్తము నష్టము లక్షా ఎనుబదివేల కోట్ల రూపాయలు మించెననియు సెబీ తేల్చినది. కనుక నితిన్ కామత్ మున్నగు వారి సంస్థలలో నెమ్మదిగా షేర్లు కూడబెట్టుకొను గృహస్థునకు లభించు సున్న రుసుమును చెల్లించువాడు ఓడిపోవు ఆప్షన్ల వర్తకుడు. అమెరికాలో నిద్రించు నగదు, మన దేశములో నిద్రలేని వర్తకుడు! దీనికి తోడు, లావాదేవీలు పెరిగినకొలది ఎక్స్చేంజి బ్రోకరునకు తగ్గించు ఛార్జీలో మిగులు బ్రోకరు సొంతమగుచుండెను. 2024 అక్టోబరునుండి సెబీ ఆ శ్రేణులను రద్దుచేసి ఛార్జీ అందరికిని ఒక్కటే యనగా, కొన్ని సంస్థలు డెలివరీపైనను మరల రుసుము విధింపసాగినవి. సున్న యనునది వ్యాపారసూత్రము కాదు, ఆదాయము మరియొక చోట దొరకినంతకాలపు వెసులుబాటు మాత్రమే యని ఇంతకంటె ఋజువేమి కావలెను?

తెలుగువారికి ఈ విషయమున చేదు అనుభవము లేకపోలేదు. 1943లో వెలసిన హైదరాబాదు స్టాక్ ఎక్స్చేంజి 2007లో గుర్తింపును కోల్పోయినది గాని, నగరమున బ్రోకరేజి వ్యాపారము మాత్రము దేశవ్యాప్తమై పెరిగినది. ఆ నగరమునుండియే నడచిన కార్వీ సంస్థ తన ఖాతాదారుల షేర్లను, వారిచ్చిన అధికారపత్రముల ఆసరాతో, తన ఖాతాకు మార్చి బ్యాంకులవద్ద తాకట్టుపెట్టినదని 2019 నవంబరులో సెబీ ఉత్తరువు వెలువడెను. 95 వేలకు పైగా ఖాతాదారులు, 2,300 కోట్ల రూపాయలకు పైబడిన షేర్లు అందు చిక్కుకొనెను. డిపాజిటరీ పెక్కుమందికి షేర్లను తిరిగి చేర్చుట కొంతలో కొంత ఊరట. 2023లో సెబీ సంస్థను, దాని అధిపతిని ఏడేండ్లపాటు మార్కెట్టునుండి బహిష్కరించెను. ఇది రుసుము తగ్గింపు సంస్థ కాదు, పాత పద్ధతిలో పెరిగినదే. ష్వాబ్ ఖాతాదారు నగదుపై వడ్డీ చట్టబద్ధముగా సంపాదించెను. ఇచ్చట ఖాతాదారు సొత్తే ఇతరుల అప్పునకు హామీ అయ్యెను. ఈ రెంటికిని నేరవిషయమున పోలికలేదు. కాని ఖాతాదారునకు తెలియకుండ అతని సొత్తు పనిచేయుట రెంటను కలదు. తరువాత వచ్చిన తాకట్టు నియమములు, ప్రతి తాకట్టును ఖాతాదారు తన ఫోనులోని ఓటీపీతో తానే ఆమోదింపవలెనన్న నిబంధన, ఆ దుర్ఘటన ఫలములే.

చవక రుసుమును సమర్థించువారి వాదము బలహీనమైనది కాదు. 1975కు పూర్వము చిన్న గుమాస్తా షేర్లు కొనుటయే దుర్లభము. నేడు విజయనగరములోని ఉపాధ్యాయురాలు నెలకు వేయి రూపాయలతో సూచీ ఫండు కొనుక్కొనగలదు. అమెరికాలోని తెలుగు ఇంజనీరులలో పెక్కుమందికి జీతములో భాగముగా వచ్చు కంపెనీ షేర్లు ష్వాబ్ వంటి ఖాతాలలోనే చేరుచున్నవి. ఎవరి సొమ్ముతో ఎవరు ఏమి కొనవలెనో ప్రభుత్వము నిర్ణయించుట స్వేచ్ఛకు విరుద్ధమన్న మాటయు త్రోసిపుచ్చదగినది కాదు. కాని బార్బర్, ఒడీన్ యను ఆచార్యులు 1991నుండి 1996 వరకు ఒక రుసుము తగ్గింపు బ్రోకరు ఖాతాదారులైన 66 వేలకు పైగా కుటుంబముల లెక్కలను పరిశీలించి 2000లో ప్రకటించిన ఫలితము వేరొక కథ చెప్పుచున్నది: అత్యధికముగా కొని అమ్మిన కుటుంబములకు ఏటా 11.4 శాతము లాభము రాగా, అదే కాలమున మార్కెట్టు ఏటా 17.9 శాతము పెరిగినది. చవక రుసుము ఖర్చును తగ్గించినది గాని చాపల్యమును తగ్గింపలేదు. అదియు సలహా ఇయ్యని బ్రోకరు కాలమున. నేటి సెల్‌ఫోను తెర సలహా ఇయ్యదన్న మాటను నేను అంగీకరింపజాలను. ఏ బొత్తాము పెద్దదిగా ఉండవలెనో, ఉదయము ఏ సమాచారము మ్రోగవలెనో, ఆప్షన్ల పట్టిక ఎన్ని తాకిడులకు తెరుచుకొనవలెనో నిర్ణయించునది ఆ సంస్థయే గదా!

కావున విధానకర్తలు రుసుమునకు కనిష్ఠధర నిర్ణయింపవలెనన్న సూచన, 1792 నాటి ఒడంబడికను మరల వ్రాసికొనుటయే యగును. పెద్ద సంస్థలకే అది లాభము. సెబీ కాంట్రాక్టు పరిమాణమును 15 లక్షల రూపాయలకు పెంచుట, ఎక్స్చేంజికి ఒక్క వారపు ఆప్షను మాత్రమే అనుమతించుట సరియైన దిశలోని చర్యలైనను, అవి అమలులోనికి వచ్చిన 2025 ఆర్థిక సంవత్సరమున వ్యక్తుల నష్టము లక్ష కోట్లు దాటినదని సెబీయే చెప్పుటవలన అవి చాలవని స్పష్టము. ఆప్షన్లు అమ్ముట ఆరంభింపగోరువానికి అందలి నష్టమును అర్థము చేసికొన్నాడా లేదా యను చిన్న పరీక్షను విధించుటను బ్రోకరులే ఎదిరింతురు; ఎదిరించినను విధింపవలెను. ఇంతకన్న సులభమైనది మరియొకటి కలదు. ప్రతి బ్రోకరును తన ప్రతి ఖాతాదారునకు, సంవత్సరమునకొకసారి, ఆ ఖాతానుండి తనకు ఏయే మార్గములలో ఎంత ఆదాయము వచ్చెనో, అనగా రుసుము ఎంత, నిలువ నగదుపై వడ్డీ ఎంత, అరువుపై వడ్డీ ఎంత, ఫండు కంపెనీల వంతు ఎంత, ఒక్క పుటలో వ్రాసి పంపవలెను. అదే పుటలో ఖాతాదారు నికరలాభనష్టమును పక్కపక్కన ముద్రింపవలెను. ఈ అంకెలలో అధికభాగము బ్రోకరు కంప్యూటరులలో ఇప్పటికే కలవు. దీనికి పార్లమెంటులో చట్టసవరణ అక్కరలేదు. సెబీ సర్క్యులరు ఒక్కటి చాలును.